‘గివ్ అప్’ ఎదురైనప్పుడు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నువ్వు పంపిన అనువాద కథ నిదానంగా చదివాను. వాక్యాలు సాఫీగా నడిచాయి, సంభాషణల్లో ప్రాణం ఉంది. ఇంత బాగా రాయగలిగిన దానివి కాబట్టే ఒకే ఒక్క క్రియ గురించి ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను. మూలంలో ‘గివ్ అప్’ వచ్చిన చోటల్లా నువ్వు ‘వదిలేయడం’ పెట్టావు. కథానాయకుడు సిగరెట్లు వదిలేశాడు, పొలంలో వాటా వదిలేశాడు, కొడుకు మీద ఆశ వదిలేశాడు, ఆఖరికి పోలీసుల ముందు తనను తాను వదిలేశాడు. ఈ చివరిది తప్పని ఎవరికైనా తెలుస్తుంది, ‘లొంగిపోయాడు’ అని దిద్దేస్తారు. మొదటి మూడింటిలో ఉన్న తేడా అంత సులువుగా కంటబడదు. నా బెంగంతా వాటి గురించే.

చిన్న క్రియకు అప్, ఆఫ్, ఔట్, ఇన్ లాంటి ముక్కను చేర్చి కొత్త అర్థం పుట్టించడం ఇంగ్లీషుకు చాలా పాత అలవాటు. శామ్యూల్ జాన్సన్ 1755 నాటి తన నిఘంటువు ముందుమాటలోనే ఈ కూర్పులను ప్రస్తావించి, పరాయివాళ్లను అన్నిటికన్నా ఎక్కువ ఇబ్బంది పెట్టేవి ఇవేనన్నాడు. ఆపేయడం అనే అర్థంలో ‘గివ్ ఓవర్’ ఆయన ఇచ్చిన ఉదాహరణల్లో ఒకటి. పైగా ఈ రెండు ముక్కలూ ఎప్పుడూ పక్కపక్కనే ఉండవు. మధ్యలో కర్మ వచ్చి కూర్చుంటుంది, ‘గివ్’ వాక్యం మొదట్లోనూ ‘అప్’ ఎక్కడో చివర్లోనూ కనిపిస్తాయి. నీ కథలో ఒకచోట ఇల్లు ‘ఇచ్చాడు’ అని పడింది అలాగే అయి ఉంటుంది. ఆ వాక్యం మూలంలో చివరిదాకా చదివి చూడు.

‘ఆన్’ చేరితే మరో చిక్కు. ఒక మనిషిని గివ్ అప్ చేశారంటే అతణ్ణి పట్టిచ్చారనో, ఇక బతకడని వైద్యులు పెదవి విరిచారనో అర్థం కావచ్చు. పక్కన ‘ఆన్’ ఉంటే మాత్రం అతను ఇక బాగుపడడని ఆశ వదులుకున్నారన్న మాట. ఇది చూసుకోకపోతే, కొడుకు మారతాడన్న నమ్మకం పోయిన తండ్రిని కొడుకును పోలీసులకు అప్పగించిన తండ్రిగా రాసే ప్రమాదం ఉంది.

ఇక మన భాష సంగతి. ఇంగ్లీషులో ఆ చిన్న ముక్కలు చేసే పనిలో చాలా భాగం మన దగ్గర వేయు, కొను, పోవు, ఇచ్చు లాంటి క్రియలు చేస్తాయి. ‘సిగరెట్లు మానేశాడు’ అంటే ఉన్న అలవాటు తెగిపోయింది. ‘ప్రయాణం మానుకున్నాడు’ అంటే ఇంకా బయల్దేరనే లేదు, వెళ్లాలన్న కోరికను తనలోనే ఆపుకున్నాడు. ‘వాటా వదిలేశాడు’ అన్నప్పుడు పోతే పోనీ అన్న ధోరణి వినిపిస్తుంది. ‘వాటా వదులుకున్నాడు’ అన్నప్పుడు అది తనదని తెలుసు, దాని విలువ తెలుసు, అయినా చేయి వెనక్కి తీసుకున్నాడు. నీ కథలోని అన్న ఆ పని తమ్ముడి కోసం చేశాడు. నువ్వు ‘వదిలేశాడు’ అనేసరికి అతని త్యాగం కాస్తా నిర్లక్ష్యమైంది. తమ్ముడు చివర్లో ఎందుకు ఏడ్చాడో పాఠకుడికి అర్థం కాదు.

1936లో ఎనిమిదో ఎడ్వర్డ్ తాను ప్రేమించిన స్త్రీని పెళ్లాడటానికి బ్రిటన్ సింహాసనాన్ని వదులుకున్నాడు. 2015లో స్థోమత ఉన్నవాళ్లు వంటగ్యాస్ సబ్సిడీ తీసుకోవద్దంటూ కేంద్ర ప్రభుత్వం ‘గివ్ ఇట్ అప్’ పేరుతో ప్రచారం చేసింది. అక్కడా మన క్రియ ‘వదులుకోవడమే’. సింహాసనానికీ గ్యాస్ బండకూ ఒకే మాట అమరింది, ఎందుకంటే రెండుచోట్లా పోయేది తమది, పోగొట్టుకోవడం తమ ఇష్టం.

ఆ ఇష్టం లేని చోట ఏమవుతుందో చూడు. 1955 డిసెంబరు 1న అమెరికాలోని అలబామా రాష్ట్రంలో ఉన్న మాంట్‌గమరీలో రోజా పార్క్స్ అనే నల్లజాతి మహిళ పని ముగించుకుని సిటీ బస్సు ఎక్కింది. ఒక తెల్లవాడు నిలబడాల్సి వచ్చింది. అప్పట్లో అక్కడ నల్లవాళ్లు తెల్లవాళ్లతో ఒకే వరుసలో కూర్చోకూడదు కాబట్టి, ఆ ఒక్కడి కోసం వరుసలోని నలుగురినీ లేవమన్నాడు డ్రైవరు. ముగ్గురు లేచారు. ఆమె పక్కవాడికి దారి ఇచ్చి, తాను కిటికీ వైపు జరిగి కూర్చుంది. ఇంగ్లీషు పుస్తకాలన్నీ ఆమె సీటు ‘గివ్ అప్’ చేయలేదంటాయి. దీన్ని ‘సీటు ఇవ్వలేదు’ అని తెలుగు చేస్తే మన పాఠకుడికి బస్సుల్లో పెద్దవాళ్లకు, చంటిపిల్లల తల్లులకు లేచి సీటిచ్చే మర్యాద గుర్తొస్తుంది, ఆమె మర్యాద తప్పినట్టు ఉంటుంది. ‘వదులుకోలేదు’ అంటే సీటు మీద మమకారంలా ధ్వనిస్తుంది. నేనైతే ‘సీట్లోంచి లేవనంది’ అని రాస్తాను. అక్కడ జరిగింది ఒక ఆజ్ఞ, దానికి ఒక నిరాకరణ. క్రియలో ఆ రెండూ వినబడాలి.

ఆమె 1992 నాటి ఆత్మకథలో ఈ సంఘటన గురించి రాసిన మాటలు అనువాదకులకు మంచి పరీక్ష. అలసిపోయి లేవలేదని అందరూ అంటారు, అది నిజం కాదు, లొంగి లొంగి విసిగిపోయానంతే, అన్నది ఆమె భావం. ఈ లొంగడానికి ఆమె వాడింది ‘గివ్ ఇన్’. గివ్ అప్‌కు తోబుట్టువులా కనిపించినా దీని దారి వేరు, ఎదుటివాడి ఒత్తిడికి తలవంచడమే దీని అర్థం. ఇక అలసటకూ విసుగుకూ ఇంగ్లీషులో ఆమెకు ఒకే మాట సరిపోయింది. తెలుగులో రెండు వాడక తప్పదు, అలా వాడితేనే ఆమె కోపం మన దాకా వస్తుంది.

మిగతావి ఇంత లోతుగా చూడనక్కర్లేదు. పొడుపు కథ విప్పలేనివాడు ‘ఓడిపోయాను, నువ్వే చెప్పు’ అంటాడు. మాట ఇచ్చి చేయలేకపోయినవాడు చేతులెత్తేస్తాడు, అందులో కొంత నింద ఉంటుంది కాబట్టి మంచివాడి ఓటమికి వాడకు. రాని బాకీకి నీళ్లొదులుకోవడం, సిద్ధాంతాలకు తిలోదకాలివ్వడం చక్కని జాతీయాలే, కానీ వాటిలో మన కర్మకాండ వాసన ఉంది. పరాయి దేశపు పాత్ర నోట అవి పెట్టే ముందు ఆలోచించు.

ఇప్పుడు నీ కథలోని తండ్రి. అతను విసుగెత్తి కొడుకును పట్టించుకోవడం మానేశాడా, లేక కడుపుకోతతో ఆశ చంపుకున్నాడా? మొదటిదైతే నీ ‘వదిలేశాడు’ ఉంచు. నాకు రెండోదేమో అనిపిస్తోంది, ఎందుకంటే అంతకు ముందు పేరాలో అతను కొడుకు గదికి తాళం వేయలేకపోయాడు. దిద్దిన ప్రతితో పాటు ఆ పేజీ మూలం కూడా పంపు, చూసి చెబుతాను.