మూడు రోజుల శిబిరం ముగిశాక

ప్రశ్న: మా సంఘం నుండి వైద్యులు, నర్సులతో కలిసి శ్రీకాకుళం జిల్లా ఉద్దానం పల్లెల్లో మూడు రోజుల ఉచిత వైద్య శిబిరం పెట్టాలనుకుంటున్నాము. ఎలా సిద్ధపడాలి?
– ఒక సోదరి, విజయనగరం

జవాబు: అమ్మా, మీ తలంపు మంచిది. అయితే ఉద్దానంలోని కవిటి, సోంపేట, పలాస ప్రాంతాలను కిడ్నీ జబ్బు దశాబ్దాలుగా పీడిస్తోంది. దాని కారణం నేటికీ పూర్తిగా తేలలేదు. కొబ్బరితోటలోనో జీడిపిక్కల పనిలోనో రోజంతా గడిపి, నడుము పట్టుకుని వచ్చి కూర్చున్న మనిషికి శిబిరాల్లో అలవాటుగా ఇచ్చే డైక్లోఫెనాక్ వంటి నొప్పి బిళ్లలు మూత్రపిండాలను మరింత దెబ్బతీయగలవు గనుక, ముందుగా రక్తపోటు చూసి, మూత్రపిండాల పనితీరును తెలిపే సీరం క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించిన తరువాతే మందు ఇప్పించండి. బిళ్లల పొట్లం చేతిలో పెట్టి పంపడం తేలిక. ఫలితాన్ని తెలుగులో రాసి ఇవ్వడం, రోగి సమ్మతితో ఆ ఊరి ఆశా కార్యకర్తకు తెలియజేయడం, క్రియాటినిన్ ఎక్కువగా ఉన్నవారిని 2023లో పలాసలో ప్రారంభమైన 200 పడకల కిడ్నీ ఆసుపత్రికి పంపడం అసలైన పని. జిల్లా వైద్య ఆరోగ్య శాఖకు ముందే చెప్పండి. కోరినవారితో ప్రార్థించండి, కాని మందుకు దానిని షరతు చేయవద్దు. యేసు చెప్పిన ఉపమానంలో, దారిలో దెబ్బలు తిని పడివున్న మనిషిని ఆదుకున్న మంచి సమరయుడు గాయాలు కట్టి ఊరుకోలేదు. పూటకూళ్లవానికి రెండు దేనారములిచ్చి, మిగిలిన ఖర్చు తిరిగి వచ్చేటప్పుడు తీరుస్తానన్నాడు. మీరు మళ్లీ వచ్చే తేదీని కూడా బయలుదేరక ముందే ఊరివారికి చెప్పండి.