డీజిల్ పొగకి ఒళ్లు అలవాటు పడిపోతుందా? బస్సుల షెడ్డులో 17 ఏళ్లు చేసినవాడిగా నా జవాబు

నీ ప్రశ్న రెండుసార్లు చదివాను తమ్ముడూ. లారీల షెడ్డులో హెల్పర్‌గా చేరి 8 నెలలైందని, మొదట్లో కళ్లు మండి తలనొప్పి వచ్చేదని, ఇప్పుడు పొగ వాసన కూడా తెలియడం లేదని రాశావు. సాయంత్రం ముక్కు చీదితే నల్లగా వస్తోంది. మేస్త్రీని అడిగితే "అందరం ఇలాగే చేశాం, ఏమీ కాదు, అలవాటైపోతుంది" అన్నాడు. నిజంగా ఏమీ కాదా, మాస్కు పెట్టుకుంటే చాలా అని అడిగావు.

హాని జరుగుతుంది. మాస్కు ఒక్కటే చాలదు. నేను చేసిన 17 ఏళ్లలో మొదటి 11 ఏళ్లు మీ మేస్త్రీ మాటే నాదీ. కొత్తగా చేరిన కుర్రాళ్లకి నేనే చెప్పేవాణ్ని, ఏమీ కాదని. అలా చెప్పినందుకు ఇప్పటికీ బాధగా ఉంటుంది, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

ముందు ఆ వాసన సంగతి. మా షెడ్డులో తెల్లవారుజామున 30 బస్సుల దాకా ఒకేసారి స్టార్ట్ చేసేవాళ్లు. ఎయిర్ బ్రేకు బండ్లు కదా, బ్రేకులు గాలి ఒత్తిడితో పనిచేస్తాయి, ఇంజిన్ ఆడి ట్యాంకుల్లో గాలి ఎక్కేదాకా కదపడానికి వీల్లేదు. రాత్రంతా చల్లబడి ఉన్న ఇంజిన్‌లో డీజిల్ సరిగా మండదు, పొగ కక్కేది సరిగ్గా అప్పుడే. చలికి షట్టర్లు సగం దించి ఉంచేవాళ్లం. ట్యూబులైట్ల చుట్టూ నీలంగా పొర కట్టేది. దాని కిందే నిలబడి కబుర్లు చెప్పుకునేవాళ్లం. ఒక్కరికీ వాసన వచ్చేది కాదు.

ఒకసారి 12 రోజులు సెలవు పెట్టాను. నాలుగో రోజుకల్లా పొద్దున్నే వచ్చే కఫం ఆగిపోయింది. ఏళ్ల తరబడి ఉన్న కఫం! సెలవయ్యాక తిరిగి వెళ్లిన రోజు, గేటు దాటి నాలుగడుగులు వేశానో లేదో కళ్ల వెంట నీళ్లు, గొంతులో గీర. ఇవాళేంటి ఇంత పొగ అంటే అందరూ నన్ను వింతగా చూశారు, రోజూ ఉండేదేగా అని. మూడు రోజులు గడిచేసరికి నాకూ ఏ వాసనా లేదు. కఫం మాత్రం మళ్లీ మొదలైంది.

అలవాటు పడడమంటే అంతే తమ్ముడూ. ఒకే వాసన అదే పనిగా తగులుతుంటే ముక్కు పట్టించుకోవడం మానేస్తుంది. లోపలికి పోయే మసి రవ్వంత కూడా తగ్గదు. కాబట్టి వాసన వస్తోందా లేదా అన్నది కొలత కాదు. నీ కొలత సెలవు రోజులు. తలనొప్పి, దగ్గు, ఛాతీ పట్టేసినట్టుండడం సెలవుల్లో తగ్గి, పనికెళ్లగానే తిరగబెడుతుంటే అది పని దగ్గర గాలి వల్లేనని గట్టిగా అనుమానించాలి. తేదీలు వేసి ఒక పుస్తకంలో రాసుకో. రేపు డాక్టరు దగ్గర ఆ పుస్తకమే నీకు సాక్ష్యం.

ముక్కులో వచ్చే నలుపు గురించి భయపడ్డావు. ఆ నలుపు ముక్కు ఆపగలిగింది. ఆపలేనిదే అసలు సమస్య. డీజిల్ మసి రేణువుల్లో చాలావరకు 1 మైక్రాన్ కన్నా చిన్నవి, లెక్కపెడితే ఎక్కువ భాగం 0.1 మైక్రాన్ లోపే ఉంటాయి. మన తల వెంట్రుక మందం 70 మైక్రాన్ల ప్రాంతం. అంత సన్నటివి ముక్కుకీ గొంతుకీ చిక్కకుండా ఊపిరితిత్తుల చివరి గాలి గదుల దాకా వెళ్తాయి. నడుమ కార్బన్ గింజ, దాని ఒంటికి అంటుకుని క్యాన్సర్ తెచ్చే గుణమున్న రసాయనాలు. వాటితో పాటు కంటికి కనపడని వాయువులు: నైట్రోజన్ డయాక్సైడ్, కార్బన్ మోనాక్సైడ్, ఫార్మాల్డిహైడ్, బెంజీన్. కళ్లు మండించేది ఎక్కువగా ఈ వాయువులే.

మసిని కళ్లారా చూడాలంటే రేపు ఒక పని చెయ్యి. షెడ్డులో మీరు బట్టలు పెట్టుకునే బీరువా పైభాగం తెల్ల గుడ్డతో ఒక్కసారి తుడువు. మామూలు దుమ్మైతే దులిపితే రాలిపోతుంది. ఇది రాలదు. వేలితో రుద్దితే కాటుకలా జిడ్డుగా సాగుతుంది, నీళ్లతో కడిగితే ఇంకా పాకుతుంది. నేను అలా తుడిచిన గుడ్డని ఒక కవర్లో పెట్టి చాన్నాళ్లు దాచాను. తర్వాత అదే పనికొచ్చింది, చెబుతాను.

క్యాన్సర్ మాట ఎత్తాను కదా, ఊరికే భయపెట్టడానికి కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ ఐఏఆర్‌సీ 1988లో డీజిల్ ఇంజిన్ పొగని "బహుశా క్యాన్సర్ కారకం" అన్న వర్గంలో పెట్టింది. 2012 జూన్‌లో ఆ "బహుశా" తీసేసి మొదటి వర్గంలోకి మార్చింది. ఆస్‌బెస్టాస్, పొగాకు ఉన్న వర్గం అది. ఆ మార్పుకి బలమిచ్చిన వాటిలో ఒకటి అమెరికా గని కార్మికుల మీద చేసిన అధ్యయనం. 8 గనుల్లో పనిచేసిన 12 వేల పైచిలుకు మందిని ఏళ్ల తరబడి చూశారు. సిగరెట్ లెక్క తీసేసి చూసినా, పొగ బాగా తగిలిన భూగర్భ కార్మికుల్లో ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాల ముప్పు తక్కువ తగిలినవాళ్ల కన్నా దాదాపు 3 రెట్లు. మన షెడ్డు గని కాదు, అంత గాఢత మనకి ఉండకపోవచ్చు. కానీ ఎంత ఎక్కువ పీలిస్తే, ఎన్నేళ్లు పీలిస్తే ముప్పు అంత పెరుగుతుందన్న లెక్క అందరికీ ఒకటే. పైగా ఈ జబ్బు బయటపడడానికి పదేళ్లు, ఇరవై ఏళ్లు కూడా పడుతుంది. మీ మేస్త్రీ ఇవాళ బాగానే ఉన్నాడు అన్నది అందుకే రుజువు కాదు.

గుండె సంగతి చాలామందికి తెలియదు. 2007లో ఒక ప్రయోగం ఫలితాలు వచ్చాయి. అంతకుముందు గుండెపోటు వచ్చి కోలుకున్న 20 మంది మగవాళ్ల చేత పల్చన చేసిన డీజిల్ పొగలో ఒక గంట పాటు మధ్యమధ్యలో సైకిల్ తొక్కించారు. శుభ్రమైన గాలిలో తొక్కినప్పటి కన్నా ఈసారి గుండెకి రక్తం అందడం ఎక్కువ తగ్గినట్టు ఈసీజీలో తేలింది. ఒక్క గంటకే! మీ షెడ్డులో గుండె జబ్బో ఆస్తమానో ఉన్నవాళ్లుంటే ఈ ముక్క వాళ్ల చెవిన వెయ్యి.

ఇక నా సంగతి. పదకొండో ఏట మెట్లెక్కితే ఆయాసం మొదలైంది. ఇద్దరు డాక్టర్లు సిగరెట్ తాగుతావా అని అడిగారు, లేదంటే దగ్గు మందు రాసి పంపారు. మూడో ఆవిడ ఒక్కరే "రోజంతా ఎక్కడుంటావు, ఏం పని చేస్తావు" అని అడిగారు. స్పైరోమెట్రీ చేయించారు, గుండెల నిండా గాలి పీల్చి గొట్టంలోకి గట్టిగా ఊదే పరీక్ష. నా వయసుకి ఉండాల్సిన దాని కన్నా గాలి బాగా తక్కువ వస్తోంది, గాలి గొట్టాలు ఇరుకయ్యాయి అన్నారు. అంతకు ముందెప్పుడూ ఆ పరీక్ష చేయించుకోలేదు, ఎప్పట్నుంచి తగ్గుతూ వచ్చిందో పోల్చి చూసేందుకు పాత కాగితం లేదు. నువ్వు ఆ తప్పు చెయ్యకు. నీకింకా 8 నెలలే. ఇప్పుడే ఒకసారి ఊదించుకుని ఆ కాగితం జాగ్రత్త చెయ్యి, ఏడాదికోసారి మళ్లీ ఊదు.

మాస్కు గురించి. బట్ట మాస్కు, ఆస్పత్రుల్లో కనిపించే నీలం మాస్కు దీనికి పనికిరావు, పక్కల నుంచి గాలి దూరుతుంది. ఎన్95 మొహానికి అతుక్కుని సరిగ్గా కూర్చుంటే మసి రేణువుల్ని బాగానే ఆపుతుంది. గడ్డం ఉంటే కూర్చోదు. కూర్చున్నా వాయువుల్ని ఆపలేదు, నైట్రోజన్ డయాక్సైడ్, కార్బన్ మోనాక్సైడ్ నేరుగా లోపలికి వస్తాయి. పెట్టుకో, వద్దనను. కానీ మాస్కు ఉంది కదా అని పిట్‌లోకి, అంటే బండి కింద పని చేసే గుంతలోకి, దిగి పైన ఇంజిన్ ఆడించనివ్వకు. పిట్‌లో గాలి కదలదు.

పొగని పుట్టిన చోటే పట్టాలి. మా షెడ్డులో అన్నిటికన్నా ఎక్కువ మేలు చేసింది ఏమిటో తెలుసా? గాలి లీకులు కట్టడం. నిజం. ఒక్కో బస్సు 15, 20 నిమిషాలు ఎందుకు ఆడుతోందని పుస్తకంలో రాయడం మొదలుపెట్టాను. బండి నంబరు, స్టార్ట్ చేసిన టైము, కదిలిన టైము, ఆ పూట ఎవరికి తల నొప్పిందో. మూడు వారాలకి బొమ్మ తేలింది. రాత్రికి రాత్రి గాలి కారిపోయే బండ్లు ఓ పది ఉన్నాయి. పైపుల జాయింట్లు, డ్రెయిన్ వాల్వులు. సబ్బు నురుగు రాస్తే బుడగలొచ్చి ఎక్కడ కారుతోందో అదే చెప్పింది. వాటిని సరిచేశాక 5 నిమిషాల్లో గాలి ఎక్కేది. ఇంకా మొండికేసే బండ్లకి షెడ్డు కంప్రెసర్ గొట్టం తగిలించి, ఇంజిన్ ముట్టుకోకుండానే ట్యాంకులు నింపాం. షెడ్డులో కంప్రెసర్ మొదటి రోజు నుంచీ ఉంది, ఎవరికీ తట్టలేదు!

మేనేజరు మొదట నా మాట వినలేదు. పొగ పడకపోతే వేరే పని చూసుకో అన్నాడు, ఆ మాట చాలా రోజులు గుచ్చుకుంది. ఆ గుడ్డ, ఆ పుస్తకం రెండూ టేబుల్ మీద పెట్టాక కదిలాడు. నిలబెట్టి ఆడించినందుకు రోజూ ఎంత డీజిల్ వృథా అవుతోందో అందులో కనిపించింది. మన ఊపిరితిత్తుల కన్నా ముందు ఆయనకి డీజిలే కనిపించిందేమో, పోనీ, పనైంది. ఆ తర్వాత సైలెన్సర్ మూతికి తగిలించే వేడి తట్టుకునే గొట్టాలు వచ్చాయి, అవతల ఫ్యాను పొగని లాగి పైకప్పు మీంచి బయటికి వదులుతుంది. లోపల ఇంజిన్ రైజ్ చేసి చూడాల్సిన పని ఉంటే గొట్టం పెట్టకుండా ఎవరూ స్టార్ట్ చేయకూడదని రాసి అంటించారు. మీ దగ్గర గొట్టం లేకపోతే కనీసం బండిని సైలెన్సర్ షట్టరు బయటికి ఉండేలా నిలబెట్టించు. స్టాండు ఫ్యాన్లని నమ్ముకోకు, అవి పొగని నీ దగ్గర్నుంచి పక్కవాడి మీదికి తోస్తాయంతే.

నల్ల పొగ కక్కే బండిని ముందు ఇంజెక్టర్లు (ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మేవి), ఎయిర్ ఫిల్టర్ చూపించడానికి పంపమని అడుగు. నీలం పొగైతే ఆయిల్ మండుతోంది. అయితే పొగ కనపడకపోతే ఏమీ రావట్లేదని అనుకోకు, సన్న రేణువులు కంటికి ఆనవు. కొత్త బండ్లలో మసి పట్టే ఫిల్టర్ ఉంటుంది, మసి చాలా తగ్గిస్తుంది. కానీ దాన్ని గానీ ఎయిర్ ఫిల్టర్‌ని గానీ కంప్రెసర్ గాలితో ఊది శుభ్రం చేయకు, పట్టిన మసంతా నీ మొహం మీదికే వస్తుంది.

గాలి కొలిపించమని కూడా అడుగు. నడుముకి చిన్న పంపు, కాలరు దగ్గర ఫిల్టర్ తగిలించి, రోజంతా నువ్వు పీల్చే గాలిలోని మసిని ఆ ఫిల్టర్ మీద పట్టి, అందులో కార్బన్ ఎంతుందో ప్రయోగశాలలో కొలుస్తారు. యూరోపియన్ యూనియన్‌లో పని చోట్ల 2023 ఫిబ్రవరి నుంచి ఘనపు మీటరు గాలిలో 0.05 మిల్లీగ్రాముల కార్బన్ మించకూడదని పరిమితి ఉంది. కొలిచిన కాగితం చేతిలో ఉంటే పోల్చుకోవడానికి ఆ అంకె పనికొస్తుంది.

ఒక్కటి మాత్రం అత్యవసరం. మూసిన గదిలోనో పిట్‌లోనో పొగ బాగా తగిలి, అప్పటికి బాగానే ఉండి, కొన్ని గంటల తర్వాత, రాత్రి పూటైనా సరే, ఆయాసం, ఛాతీ బిగుతు వస్తే పొద్దున చూద్దామని పడుకోవద్దు. నైట్రోజన్ డయాక్సైడ్ అలా ఆలస్యంగా ఊపిరితిత్తుల్లో నీరు చేర్చగలదు. వెంటనే ఆస్పత్రికి వెళ్లి, పొగ తగిలిందని నోరు తెరిచి చెప్పాలి. లోపల ఉండగానే తల తిరిగి వాంతి వచ్చేలా ఉంటే పని వదిలేసి బయటికి వచ్చెయ్యి, పక్కవాణ్నీ లాక్కురా.

సిగరెట్ తాగుతావో లేదో రాయలేదు. తాగుతుంటే ఆపు, రెండూ కలిస్తే ఊపిరితిత్తులకి రెండు వైపుల నుంచీ దెబ్బ.

మీ షెడ్డుకి ఎన్ని షట్టర్లు, లోపల ఒకేసారి ఎన్ని లారీలు ఆడతాయి, ఎంతసేపు, పైకప్పులో ఫ్యాను ఉందా, ఈ నాలుగూ కింద రాయి. కంప్రెసర్ ఉందో లేదో కూడా. చూసి, ముందు దేన్ని అడగాలో, మీ మేనేజరుకి ఎలా రాయాలో చెబుతాను.