25 కోడిపిల్లల్లో 14 పోయాయి, ఏ రోగం? మళ్లీ తెస్తే ఎలా పెంచాలి?

అడిగింది క్లుప్తంగా: నల్గొండ పక్కన పల్లె. జనవరిలో బండి మీద అమ్మే అతని దగ్గర 25 కోడిపిల్లలు కొన్నారు. అట్టపెట్టెలో పాత చీర పరిచి, పైన 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు వేలాడదీసి, నూకలు, పళ్లెంలో నీళ్లు పెట్టారు. రెండో రోజు నుంచి చావడం మొదలై పది రోజుల్లో 14 పోయాయి. మిగిలినవాటికి వెనక రెట్ట అంటుకుని ఎండిపోతోంది. ఏం మందు వేయాలి? ఇంకో 25 తెస్తే వీటితో కలపొచ్చా?

అక్కా, మీరు చెప్పినదాన్ని బట్టి చూస్తే ముందు అనుమానించాల్సింది రోగాన్ని కాదు, చలిని. ఎల్‌ఈడీ బల్బు వెలుగు ఇస్తుంది, పిల్లలకు చాలినంత వేడి ఇవ్వదు. నూగు మాత్రమే ఉన్న పిల్ల తన ఒంటి వేడిని తాను నిలుపుకోలేదు, ఈకలు వచ్చేదాకా మూడు నాలుగు వారాలు బయటి నుంచే అందాలి. మొదటి వారం పిల్లలు నిలబడే చోట 35 డిగ్రీలు ఉండాలి, తర్వాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ పోవాలి. జనవరి రాత్రి మన ఇళ్లలో అంత వేడి ఉండదు. చలికి పిల్లలన్నీ పెట్టె మూలకు చేరి ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి, అడుగున పడ్డవి ఊపిరాడక పోతాయి. పొద్దుగాల చూస్తే చదునుగా, నూగు తడిసి దొరికినవి అట్లా పోయినవే. బతికినవాటికి కడుపు చల్లబడి పొట్టలోని పచ్చసొన సరిగా ఇంకదు, తిన్నది అరగదు, రెట్ట జిగటగా వచ్చి వెనక అంటుకుంటుంది.

అంటుకున్న రెట్టను గట్టిగా పీకకండి, చర్మం ఊడి వస్తుంది. గోరువెచ్చని నీళ్లలో ముంచిన దూదితో రెండు నిమిషాలు నానబెట్టి తుడిచి, ఆరబెట్టి, కొంచెం కొబ్బరినూనె రాయండి. ఒక జాగ్రత్త: పొట్ట కింద కనిపించే చిన్న నల్లటి పొక్కు రెట్ట కాదు, బొడ్డు. దాన్ని లాగితే పిల్ల పోతుంది. వేడి సరిచేస్తే అంటుకోవడం రెండు మూడు రోజుల్లో తగ్గుతుంది. తగ్గకుండా తెల్లగా సున్నంలా పారుతూ, రెట్ట వేసేటప్పుడు అరుస్తుంటే అప్పుడు తెల్ల పారుడు అని అనుమానించి పశువైద్యశాలకు ఒక చచ్చిన పిల్లను, ఒక బతికున్న పిల్లను తీసుకెళ్లండి. చచ్చినదాన్ని కోసి చూస్తేనే తేలుతుంది.

ఏ రోజున చస్తున్నాయో చూస్తే కారణం సగం దొరుకుతుంది. మొదటి రెండు మూడు రోజుల్లో పోతే చలి, దాహం, లేదా దారిలో తగిలిన దెబ్బ. మూడో రోజు నుంచి వారం లోపు పొట్ట ఉబ్బి, బొడ్డు తడిగా ఉండి, చెడు వాసనతో పోతే బొడ్డు చీము. అది గుడ్లు పొదిగించిన చోటి మురికి వల్ల వచ్చేది. ఇంటికి వచ్చాక మందుతో బాగయ్యేవి తక్కువ, డబ్బు దాని మీద తగలేయకండి. మూడు నుంచి ఆరు వారాల మధ్య రెట్టలో నెత్తురు కనిపిస్తే రక్త పారుడు. మూడో వారం నుంచి ఆరో వారం లోపు బాగున్నవే ఒక్కసారిగా ముడుచుకుని తెల్లటి నీళ్ల విరేచనాలతో పోతే గంబోరో అనే వైరస్ రోగం కావచ్చు. మెడ మెలి తిరిగి, ఆకుపచ్చ రెట్టతో గుంపుగా పోతే కొక్కెర తెగులు, అది ఏ వయసులోనైనా వస్తుంది.

ఇక మళ్లీ తెచ్చే సంగతి. పిల్లలు రాకముందే గూడు వెచ్చగా తయారుండాలి. ముందు పిల్లలు తెచ్చి, తర్వాత బల్బు కోసం బజారుకు పోవడం చాలా ఇళ్లలో జరిగే పొరపాటు.

అట్టపెట్టె వద్దు, దానికి మూలలుంటాయి. అడుగున్నర ఎత్తు అట్టనో, జీఐ రేకునో గుండ్రంగా చుట్టి మూడు అడుగుల వెడల్పు వలయం కట్టండి, 25 పిల్లలకు మొదటి వారం పది రోజులు సరిపోతుంది. తర్వాత రోజూ కొంచెం కొంచెం జరిపి పెద్దది చేయాలి, నాలుగు వారాలు నిండేసరికి పిల్లకు కనీసం అర చదరపు అడుగు చోటుండాలి. నేల మీద రెండు మూడు అంగుళాల మందాన ఎండిన వరి ఊక. మొదటి మూడు రోజులు ఊక తినకుండా పైన గోనె పట్టా పరవండి. చాలామంది న్యూస్‌పేపర్ పరుస్తారు, నున్నటి కాగితం మీద కాళ్లు జారి రెండు పక్కలకు చాపుకుపోతాయి. అట్లా కాళ్లు పంగ చాపిన పిల్ల ఉంటే రెండు కాళ్లకు మధ్య అంగుళం దూరం వదిలి మెత్తని ప్లాస్టర్‌తో కట్టి మూడు రోజులు ఉంచితే సాధారణంగా నిలబడుతుంది. ఆలస్యం చేస్తే నిలబడదు.

బల్బు పాత తీగ బల్బే కావాలి, పిల్లకు 2 వాట్ల లెక్క. అంటే 25కి 60 వాట్ల బల్బు ఒకటి. ఒకటి కంటే 40 వాట్లవి రెండు మేలు, రాత్రి ఒకటి మాడిపోయినా ఇంకొకటి నిలుస్తుంది. ఇప్పుడు అన్ని దుకాణాల్లో తీగ బల్బులు ఉండట్లేదు, కోళ్ల మందుల దుకాణంలో అడగండి. నేలకు అడుగు, అడుగున్నర ఎత్తున వేలాడదీసి వారానికి రెండు మూడు అంగుళాలు పైకి లేపాలి. వైరు మీద వేలాడదీయకండి, తాడుతో వేరుగా కట్టండి. ఊక మీద పడితే ఇల్లే అంటుకుంటుంది. వలయం పైన సగం వరకు గోనె కప్పి, సగం గాలికి వదలండి. పిల్లలు వచ్చే ఐదారు గంటల ముందే బల్బు వేసి ఊక వెచ్చబడనివ్వాలి.

థర్మామీటర్ ఉంటే మంచిదే, కానీ పిల్లలే సరిగ్గా చెబుతాయి. బల్బు కింద కుప్పగా చేరి కీచుమని అరుస్తుంటే చలి. బల్బుకు దూరంగా పోయి రెక్కలు చాపి నోరు తెరిస్తే వేడి ఎక్కువ. అన్నీ ఒకే పక్కకు చేరితే ఆ ఎదురు పక్క నుంచి గాలి కొడుతోంది, తలుపు సందు చూడండి. అంతటా చెదిరి, కొన్ని తింటూ కొన్ని పడుకుని, సన్నగా కిచకిచమంటుంటే సరిగ్గా ఉంది. పడుకునే ముందు ఒకసారి, తెల్లవారుజామున నాలుగింటికి ఒకసారి చూడాలి, ఎక్కువ చావులు ఆ వేళకే. కరెంటు పోతే పది నిమిషాల్లోనే కుప్ప మొదలవుతుంది. వేడినీళ్లు పోసి మూత బిగించిన రెండు లీటర్ల సీసాలు గోనెలో చుట్టి మధ్యలో పెట్టండి. నిప్పుల కుంపటి మూసిన గదిలో పెట్టొద్దు, ఆ పొగకు పిల్లలేమిటి, పక్కన పడుకున్న మనుషులే పోతారు.

ఏప్రిల్, మే నెలల్లో లెక్క తిరగబడుతుంది. నల్గొండలో పగలు 44 డిగ్రీలు కాసేటప్పుడు బల్బు పెట్టడమంటే పిల్లలను ఉడకబెట్టడమే. పగలు తీసేసి, రాత్రి మాత్రం పిల్లలు కుప్పపడితే వేయండి. ఆ కాలంలో తెచ్చుకుంటే చీకటితోనే ఇల్లు చేరాలి. బస్సులో పిల్లల పెట్టెను ఇంజన్ పక్కన పెట్టొద్దు, చలికాలం బండి మీదైతే ఎదురుగాలి తగలకుండా గుడ్డ చుట్టాలి, రంధ్రాలు మూయొద్దు.

ఏ పిల్లలు కొనాలి? గులాబీ, ఆకుపచ్చ రంగులు పూసి అమ్మేవి చాలావరకు గుడ్ల కోళ్ల హేచరీల్లో (గుడ్లు పొదిగించే కేంద్రాల్లో) పక్కన పెట్టిన మగపిల్లలు. గుడ్లు పెట్టవు, మెల్లగా పెరుగుతాయి, రెండు మూడు రోజులు నీళ్లు సరిగా లేక తిరిగి వచ్చినవి. పెరటికి వనరాజ, గ్రామప్రియ మంచివి, రెండూ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన డైరెక్టరేట్ రకాలే. అక్కడి పశువైద్య విశ్వవిద్యాలయం వాళ్ల రాజశ్రీ కూడా పెరటిదే. ముందుగా చెప్పి పెట్టుకోవాలి, పోగానే దొరుకుతాయని బయలుదేరకండి. మాంసానికి, గుడ్లకు రెండింటికీ అంటే వనరాజ, గుడ్లే ముఖ్యమైతే గ్రామప్రియ. వనరాజ బరువెక్కువ, కుక్క తరిమితే నాటుకోడిలా ఎగరలేదు. కొనేటప్పుడు మెడకు మారెక్స్ (కాళ్లు పడిపోయే వైరస్ రోగం) టీకా వేశారా అని అడగండి, అది హేచరీలో మొదటి రోజే వేయాల్సింది, తర్వాత వేసినా లాభం తక్కువ.

పిల్లను చేతిలోకి తీసుకుని వెల్లకిలా పడుకోబెట్టండి, మూడు సెకన్లలో తిరిగి లేవాలి. బొడ్డు పూర్తిగా మూసుకుని పొడిగా ఉండాలి. కాళ్లు మెరుస్తూ ఉండాలి, ముడతలు పడి ఎండినట్టుంటే దాహంతో ఉందని అర్థం. పదింటిలో రెండు ఇట్లా ఉంటే ఆ పెట్టె వదిలేయండి.

ఇంటికి రాగానే మేత కాదు, నీళ్లు. లీటరు గోరువెచ్చని నీళ్లలో 50 గ్రాముల బెల్లమో చక్కెరో కలిపి, ఒక్కో పిల్ల ముక్కును ఒకసారి ముంచి వలయంలో వదలండి. ఒకటి తాగితే మిగతావి చూసి నేర్చుకుంటాయి. మూడు నాలుగు గంటల తర్వాత మామూలు నీళ్లే, తీపి నీళ్లు రోజంతా పెడితే పారుడు పట్టుకుంటుంది. మొదటి రోజు నుంచే యాంటీబయాటిక్ కలపమని దుకాణం వాళ్లు చెబుతారు, ఆరోగ్యంగా ఉన్న పిల్లలకు అది దండగ. పళ్లెంలో నీళ్లు పెడితే పిల్లలు అందులోకే దిగి తడిసి చస్తాయి. బోర్లించే లీటరు డబ్బా తెచ్చుకోండి, లేదంటే పళ్లెం నిండా గులకరాళ్లు వేయండి. రెండో వారం నుంచి డబ్బాను ఇటుక మీద పెట్టి, అంచు పిల్ల వీపు ఎత్తుకు సరిచూడండి. ఊక తడవడం దానితోనే సగం తగ్గుతుంది.

నీళ్లు తాగిన రెండు మూడు గంటలకు మేత. మొదటి రెండు రోజులు గుడ్ల అట్టలో సన్నటి మక్కజొన్న రవ్వ చల్లితే చాలు. తర్వాత చిక్ స్టార్టర్ దాణా, 20 శాతం మాంసకృత్తులు ఉండేది. ఉత్త నూకలతో పిల్ల బతుకుతుంది గానీ ఎదగదు, ఈకలు రావు. వనరాజ పిల్ల ఆరు వారాల్లో కిలోన్నర దాకా తింటుంది, 25 పిల్లలకు 50 కిలోల బస్తా ఒకటి సరిపోయి కొంచెం మిగులుతుంది. అందుకే ఇంత తక్కువ పిల్లలకు ఇంట్లో దాణా కలపడం లాభం కాదు. అయినా కలుపుతామంటే 10 కిలోలకు మక్కలు 5.5 కిలోలు, సోయా చెక్క 3 కిలోలు, నూనె తీసిన తౌడు 1.2 కిలోలు, కోళ్లకు వాడే ఖనిజ, విటమిన్ల పొడి 270 గ్రాములు, ఉప్పు 30 గ్రాములు. గుడ్లు పెట్టే కోళ్ల దాణా మాత్రం పిల్లలకు వద్దు, అందులోని సున్నం మూత్రపిండాలను దెబ్బతీస్తుంది.

మన పాలమూరు, నల్గొండ ఇళ్లలో ప్రత్యేకంగా చూసుకోవాల్సినవి మూడు. ఆముదం గింజలు, ఆముదం చెక్క కోడికి విషం, ఎరువుకు తెచ్చిన బస్తా పిల్లల దరిదాపుల్లో ఉంచకండి. బూజు పట్టిన పల్లీ చెక్క, మక్కలు పశువులు తిని తట్టుకున్నా పిల్లలు తట్టుకోలేవు, వాటి కాలేయం పోతుంది. కడిగి ఎండబెట్టినా ఆ విషం పోదు. మందు పట్టించిన పత్తి, మక్క విత్తనాలు ఇంట్లో ఒలికితే ఒక్కటి కూడా మిగలకుండా ఊడ్చాలి.

దాణా ఖర్చు తగ్గడానికి పాత పద్ధతి ఒకటి పనికొస్తుంది: చెదల కుండ. కుండలో కొంచెం పేడ, చిత్తు గడ్డి, చిరిగిన గోనె ముక్క వేసి నీళ్లు చిలకరించి, సాయంత్రం చెదలు ఉన్న చోట బోర్లించి పెట్టండి. పొద్దున తీస్తే గడ్డి నిండా చెదలు ఉంటాయి. పది రోజులు దాటిన పిల్లల ముందు దులిపితే నిమిషంలో ఊడ్చేస్తాయి. చెదల మందు కొట్టిన చోట మాత్రం పెట్టొద్దు.

టీకాలు. 5 నుంచి 7 రోజుల మధ్య లసోటా (కొక్కెర తెగులు టీకా) కంట్లో ఒక చుక్క, 14వ రోజు గంబోరో, 28వ రోజు మళ్లీ లసోటా, ఆరేడు వారాలకు కోళ్ల మశూచి టీకా, 8 వారాలకు కొక్కెర తెగులుకే ఆర్‌2బి సూది అర మిల్లీలీటరు. లసోటా పడని పిల్లకు, చిన్నదానికి నేరుగా ఆర్‌2బి వేస్తే కాళ్లు పడిపోవచ్చు. చుక్క వేశాక పిల్ల కన్ను మూసి తెరిచేదాకా పట్టుకోవాలి, లేదంటే జారి బయటే పోతుంది. సీసా 100 డోసుల్లో వస్తుంది, కలిపిన రెండు గంటల్లో వాడేయాలి. అందుకే వాడకట్టులో నలుగురు కలిసి ఒకే రోజు వేయించుకోండి. ఐస్ లేకుండా జేబులో తెచ్చిన టీకా వేసినా వేయనట్టే. 28వ రోజుది నీళ్లలో ఇస్తే నల్లాలో వచ్చే భగీరథ నీళ్లు వాడొద్దు, క్లోరిన్ టీకాను చంపేస్తుంది. కాచి చల్లార్చిన బావి నీళ్లలో లీటరుకు 5 గ్రాముల వెన్న తీసిన పాలపొడి కలపండి. పసుపు, వెల్లుల్లి నీళ్లు పెట్టుకోండి, నష్టం లేదు, కానీ కొక్కెర తెగులును అవి ఆపవు.

రక్త పారుడు తడి ఊక నుంచే వస్తుంది. రోజూ నీళ్ల డబ్బా చుట్టూ తడిసింది తీసి పొడి ఊక వేయండి, పిడికిట్లో పట్టుకుంటే ముద్ద కట్టకూడదు. నెత్తురు కనిపించిన రోజే ఆంప్రోలియం 20 శాతం పొడి, లీటరుకు 1.2 గ్రాముల చొప్పున ఐదు నుంచి ఏడు రోజులు. ఆ రోజుల్లో బి విటమిన్ టానిక్ ఆపండి, ఆ మందు పనిచేసేదే క్రిములకు బి1 అందకుండా చేసి, రెండూ కలిపితే మందు వృథా.

ఇంట్లో పొదుగు మీద ఉన్న నాటు పెట్ట ఉంటే ఈ బల్బుల తంటా చాలావరకు తప్పుతుంది. ఒక రోజు వయసు పిల్లలను పది పన్నెండు వరకు, రాత్రి చీకట్లో గుడ్లు తీసేసి దాని రెక్కల కిందకు తోయండి. పగటిపూట పెడితే పొడుస్తుంది. రెండు రోజుల వయసు దాటితే పిల్లలే దాన్ని తల్లిగా ఒప్పుకోవు. తర్వాత వారం రోజులు గంప కింద కమ్మి ఉంచితే గద్దా, పిల్లీ అందుకోలేవు.

ఇప్పుడున్న 11ను కొత్తవాటితో కలపకండి. పైకి బాగున్నా వీటి రెట్టలో రక్త పారుడు క్రిములు ఉండొచ్చు, పెద్దవి తట్టుకున్నది చిన్నవాటిని చంపుతుంది. వేరే గది, వేరే డబ్బాలు. మేత ముందు కొత్తవాటికి వేసి, తర్వాత పాతవాటి దగ్గరకు పోండి, తిరిగి వచ్చేటప్పుడు చెప్పులు మార్చండి. వీటికి టీకాలు పడలేదు కాబట్టి ఇప్పుడే లసోటాతో మొదలుపెట్టండి. కొత్తవాటికి ఆర్‌2బి పడి రెండు వారాలు దాటాక, రాత్రి అన్నీ పడుకున్నాక గూట్లో కలపండి. తెల్లారి పొడుచుకుంటాయి, మేత గిన్నె ఇంకొకటి ఎక్కువ పెడితే రెండు మూడు రోజుల్లో సర్దుకుంటాయి.