కొలరాడోకి ట్రైలర్ లాక్కెళ్లాలంటే ఏ ఇంజన్, ఎంత స్పీడు?

ప్రశ్న: మేం డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. 27 అడుగుల ట్రావెల్ ట్రైలర్ ఒకటి బేరమాడాం. సామానంతా సర్దాక 7,000 పౌండ్లు తూగుతుందట. దాన్ని లాగడానికి ఫోర్డ్ ఎఫ్-150 పికప్ ట్రక్కు చూశాం. 3.5 లీటర్ల ఎకోబూస్ట్ కొనాలా, 5.0 వి8 కొనాలా అని ఇంట్లో నెల రోజులుగా గొడవ. మేమిద్దరం, పిల్లలిద్దరు, ఊరి నుంచి వచ్చే అమ్మ, ఐదుగురం జూలైలో కొలరాడో వెళ్లాలి. దారిలో చాలాచోట్ల లిమిట్ 75 ఉంది కదా, ఆ స్పీడులో పోవచ్చా?
– ఒక పాఠకుడు, ఫ్రిస్కో

జవాబు: ముందు మీ ఇంట్లో గొడవ తీర్చేస్తాను. ఎకోబూస్ట్ తీసుకోండి. రెండూ 400 హార్స్‌పవర్ ఇంజన్లే. కానీ టార్క్, అంటే చక్రాల్ని తిప్పి లాగే బలం, ఎకోబూస్ట్‌కి 500, వి8కి 410. పైగా ఎకోబూస్ట్ ఆ బలాన్ని 3,000 ఆర్‌పీఎం దాటగానే ఇచ్చేస్తుంది, వి8 ఐతే 4,000 దాటేదాకా అరవాలి.

అసలు తేడా కొండ మీద తెలుస్తుంది. ఈ వి8 లాంటి టర్బో లేని ఇంజన్‌కి ప్రతి వెయ్యి అడుగుల ఎత్తుకీ సుమారు 3 శాతం బలం పోతుంది. మీరు ఐ-70 మీద ఐసెన్‌హోవర్ టన్నెల్ దాటితే 11,158 అడుగుల ఎత్తు ఎక్కినట్టు. అక్కడ మీ 400లో 270 మిగిలితే గొప్ప. టర్బో పల్చటి గాలినే కుక్కి పెడుతుంది కాబట్టి ఎకోబూస్ట్‌కి ఈ బాధ చాలా తక్కువ. వి8 చప్పుడు నాకూ ఇష్టమే. ఆ చప్పుడు కోసమే నా మొదటి ట్రక్కు కొన్నాను. న్యూమెక్సికో నుంచి కొలరాడోలోకి ఎక్కే రేటన్ కనుమ దగ్గర అది 45కి పడిపోయి, వెనక లారీలవాళ్లు హారన్లు కొడుతుంటే చెవులు మూసుకోవాల్సి వచ్చింది.

ఇంతకీ మీరు అడగని ప్రశ్న ఒకటుంది. డ్రైవర్ తలుపు తెరిస్తే స్తంభం మీద పసుపు, తెలుపు స్టిక్కర్ కనిపిస్తుంది. మనుషులు, సామాను కలిపి ఇంతకు మించకూడదని దాని మీద ఒక అంకె ఉంటుంది. అదే పేలోడ్. ఒకే మోడల్లో కూడా బండి బండికీ ఈ అంకె మారుతుంది. సన్‌రూఫ్, తోలు సీట్లు, పెద్ద చక్రాలు చేరేకొద్దీ తగ్గుతుంది. షోరూంలో సేల్స్‌మన్ "13,000 పౌండ్లు లాగుతుంది సార్" అంటాడు. నాకూ అలాగే చెప్పారు, స్టిక్కర్ ఊసే ఎత్తలేదు.

మీ లెక్క వేద్దాం. మీరు చూసిన బండి స్టిక్కర్ 1,520 అనుకోండి. ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ మీద, అంటే ట్రక్కు వెనక ట్రైలర్ తగిలించే కొక్కెం మీద పడాలి, అదీ పేలోడ్‌లోకే వస్తుంది. 13 శాతం వేసుకుంటే 910. ఆ బరువుని ముందు ఇరుసుకి కూడా పంచే వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ 90. ఐదుగురికీ కలిపి 690. వెనక తొట్టిలో జనరేటర్, కూలర్, బియ్యం, కుక్కర్, అమ్మ తెచ్చిన పచ్చడి జాడీలు, తక్కువలో తక్కువ 150. మొత్తం 1,840. అంటే 320 పౌండ్లు ఎక్కువ. ఇంజన్ నవ్వుతూ లాగుతుంది, వెనక ఇరుసూ టైర్లూ ఏడుస్తాయి. అదే ఇంజన్‌తో హంగులు తక్కువున్న ట్రిమ్ వెతకండి, స్టిక్కర్ 1,900 పైన ఉండేది. దొరక్కపోతే ఇంకా ఎక్కువ బరువు మోసే ముప్పాతిక టన్ను తరగతి ట్రక్కుకి వెళ్లండి. లేదా నిండా సర్దినా 4,500 పౌండ్లు దాటని ట్రైలర్ చూడండి.

ఆ 13 శాతం ఎందుకో మా తాతయ్య ఎడ్లబండి గుర్తొస్తే నాకు ఇట్టే అర్థమైంది. బస్తాలు వెనక్కి సర్దితే కాడి పైకి లేచి ఎద్దుల గొంతుకి తాడు బిగుసుకునేది, ముందుకి సర్దితే మెడలు వంగేవి. తాతయ్య ఒక్క బస్తా జరిపి సరిచేసేవాడు. అది చూసి పెరిగిన నేనే ట్రైలర్ వెనక బంపర్‌కి నాలుగు సైకిళ్లు తగిలించాను, వెనక ఉన్న నీళ్ల ట్యాంకు నిండా పట్టాను. అమరిల్లో దాటాక చెట్టూ చేమా లేని మైదానం, పక్కగాలి. 72లో పోతున్నాను. పద్దెనిమిది చక్రాల లారీ ఒకటి పక్క నుంచి దాటింది. ట్రైలర్ తోక ఊపడం మొదలెట్టింది. భయపడి బ్రేకు తొక్కాను, ఇంకా ఊగింది. మా ఆవిడ ఒక్క మాట అనలేదు, డాష్‌బోర్డు పట్టుకుంది, అంతే. తర్వాత ట్రక్ స్టాపులో తూకం వేయిస్తే హిచ్ మీద 8 శాతమే ఉంది.

అలా ఊగితే ట్రక్కు బ్రేకు తొక్కకండి. గ్యాస్ వదిలేసి, స్టీరింగ్ తిన్నగా పట్టుకుని, డ్రైవర్ దగ్గర ట్రైలర్ బ్రేకుల కోసం ఉండే బ్రేక్ కంట్రోలర్ మీట చేత్తో నొక్కండి. ట్రైలర్ బ్రేకులు మాత్రమే పడి అది వెనక్కి లాగి నిలబెడుతుంది.

ఇక స్పీడు. 62 నుంచి 65, అంతే. ఎస్‌టీ అని రాసి ఉండే ట్రైలర్ టైర్లు చాలావాటికి 65 మైళ్లే హద్దు. కొన్ని కొత్తవాటికి ఎక్కువ ఉంటుంది, టైరు పక్కన చూసుకోండి. గాలి అడ్డు వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి 65 నుంచి 75కి పోతే మూడో వంతు ఎక్కువవుతుంది. ఆ డబ్బు గ్యాస్ బంకులో కట్టాలి. ఫోర్ట్‌వర్త్ నుంచి అమరిల్లోకి సుమారు 340 మైళ్లు. 75లో పోతే మిగిలేది 42 నిమిషాలు. టీ తాగడానికి ఆగితే అవి కూడా ఉండవు. గ్యాలన్‌కి 9 మైళ్లు వస్తే సంతోషించండి, 36 గ్యాలన్ల ట్యాంకున్న బండే అడగండి.

కొండ దిగేటప్పుడు టో/హాల్ మోడ్ (బరువు లాగేటప్పుడు గేర్లు తగ్గట్టు మారేలా చేసే బటన్) వేసి కింది గేర్లో దిగండి. బ్రేకు అదిమిపట్టి ఉంచొద్దు, తొక్కి వదలండి.

ప్రశ్న: ఫ్రీమాంట్ దగ్గర ఫ్రీవే మీద లిమిట్ 65. చిన్న ట్రైలర్‌తో 62లో పోతుంటే టికెట్ ఇచ్చారు. ఇదేం న్యాయం?
– ఒక పాఠకురాలు, ఫ్రీమాంట్

జవాబు: కాలిఫోర్నియా చట్టం అది. వెనక ఏ బండి లాగుతున్నా 55 దాటకూడదు, ట్రైలర్ చిన్నదైనా సరే. ఒకే దిశలో నాలుగు లేన్లుంటే కుడివైపు రెండింటిలోనే ఉండాలి. టికెట్ కట్టేయండి.