ఎడిన్‌బరో వెళ్ళొచ్చిన అమ్మాయికి

అమ్మాయ్,

స్కాట్లాండ్‌లో ఎడిన్‌బరో ఫ్రింజ్ అనే నాటకాల పండగకి బుర్రకథ బృందంతో వెళ్ళొచ్చి, ఆ ప్రయాణం గురించి నువ్వు రాసి పంపిన పద్దెనిమిది పేజీలూ చదివాను. ముందు మంచి మాట చెప్పేస్తాను, తర్వాత అవి ఎక్కువ ఉండవు కాబట్టి: నీ తెలుగు హాయిగా ఉంది, మన కోనసీమ మాట అక్కడక్కడా తొంగిచూస్తోంది, ఎవరైనా దిద్దమన్నా దాన్ని దిద్దకు.

ఇక అసలు సంగతి. విమానం నాలుగు పేజీలు తినేసింది, కోట మూడు, ఆర్థర్స్ సీట్ కొండ ఎక్కడం రెండు. మీరు స్టేజీ ఎక్కి బుర్రకథ చెప్పింది మాత్రం ఒక్క పేజీ. అందులోనూ "మొదటి రోజు తొమ్మిది మందే వచ్చారు, తర్వాత బాగానే వచ్చారు" అని ఒక్క వాక్యంతో సరిపెట్టేశావు. తొమ్మిది మందా! అమలాపురం నుంచి గుమ్మెట వాద్యాలు బట్టల్లో చుట్టుకుని, ఎయిర్‌పోర్టులో ప్రతివాడికీ విప్పి చూపించుకుంటూ అంత దూరం వెళ్ళి, తొమ్మిది మంది ముందు తందాన తాన అనడం ఎలా ఉంటుందో నాకు తెలియాలి. వాళ్ళెక్కడెక్కడ కూర్చున్నారు, మధ్యలో ఎవరైనా లేచి వెళ్ళిపోయారా, మీ కథకురాలు గొంతు తగ్గించిందా ఇంకా పెంచిందా? నేను ఎడిన్‌బరో చూడలేదు. అయినా కోట గురించి నువ్వు రాసిందంతా నా ఫోన్‌లోనే దొరుకుతుంది. ఆ తొమ్మిది మంది నీ దగ్గర తప్ప ఇంకెక్కడా దొరకరు.

నేను చెప్పదలచుకున్నది ఇంతే నిజానికి. చూడ్డానికి వెళ్ళినదానిలా రాశావు, పని చేయడానికి వెళ్ళినదానిలా రాయి.

ఫ్రింజ్ చరిత్రంతా మొదటి పేజీలోనే పెట్టేశావు. 1947లో ఎడిన్‌బరోలో అంతర్జాతీయ ఉత్సవం మొదలైతే పిలవని ఎనిమిది నాటక బృందాలు వచ్చి సొంతంగా ఆడేశాయని, అదే పెరిగి ఇప్పుడు ఆగస్టులో మూడు వారాలపాటు 3,000కు పైగా ప్రదర్శనల పండగ అయిందని. అన్నీ నిజాలే, కానీ అక్కడ చదువుతుంటే పరీక్షలో రాసిన జవాబులా ఉంది. దాన్ని రాయల్ మైల్ వీధి దాకా దాచి ఉంచు. నువ్వు కాళ్ళకి గజ్జెలతో, చేతిలో కరపత్రాల కట్టతో ఆ రాళ్ళ వీధిలో నిలబడి ఉంటావు, పక్కన ఇంకో నాలుగు బృందాలవాళ్ళూ అరుస్తూ ఉంటారు, నీ కాగితం ఎవరూ తీసుకోరు. అప్పుడు చెప్పు, ఈ పండగ పుట్టిందే పిలవకుండా వచ్చినవాళ్ళతో అని. అక్కడైతే ఆ 1947కి పని ఉంటుంది.

ఇంకోటి కూడా ఉంది ఆ వీధిలో. కనుమ నాడు జగ్గన్నతోటలో ప్రభల తీర్థానికి జనాన్ని ఎవరూ బతిమాలి తీసుకురారు, పదకొండు ఊళ్ళ రుద్రులు వస్తున్నారంటే జనమే వస్తారు, గరగలు, అంటే అమ్మవారి కలశాలు, నెత్తిన పెట్టుకున్నవాళ్ళు ఆ జనంలోకి నడిస్తే చాలు. అలాంటి చోట నుంచి వెళ్ళిన పిల్ల ముక్కూమొహం తెలియని మనిషిని ఆపి "మా షోకి రండి" అని అడగాల్సి రావడం చిన్న సంగతేం కాదు. సిగ్గేసిందా? ఎన్నో రోజుకి పోయింది? నువ్వు "సరదాగా గడిచింది" అన్నావు. నేను నమ్మలేదు.

కథ సంగతికి వస్తాను. అల్లూరి సీతారామరాజు కథని బ్రిటన్‌లో చెప్పారు మీరు! ఆయనది మన పక్క మొగల్లే, చదువుకున్నది నరసాపురం, కాకినాడల్లో కూడా. చింతపల్లి స్టేషన్ మీద పడింది 1922 ఆగస్టు 22న, మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. తీసుకెళ్ళిన తుపాకుల లెక్క స్టేషన్‌లోనే రాసిపెట్టి వెళ్ళిన మనిషి. మీరూ ఆగస్టులోనే ఆడారు. కొయ్యూరు దగ్గర ఆయన్ని కాల్చి చంపిన చోటుకి కథ వచ్చేసరికి ఎదురుగా కూర్చున్న ఆ ముసలి దంపతులు ఏం చేశారు? (వాళ్ళ గురించి అర వాక్యం రాసి వదిలేశావు, చెయ్యకూడని పని.) "ప్రేక్షకులు మంత్రముగ్ధులయ్యారు" అనేది పేపర్లవాళ్ళకి వదిలెయ్. "మన సంస్కృతిని ప్రపంచానికి చాటాం" అన్న వాక్యం కూడా కొట్టెయ్, ఏం బాధపడకు.

నువ్వు హాస్యం వంతవి, అంటే కథకురాలి పక్కన నిలబడి నవ్వించేదానివి కాబట్టి కథ మధ్యలో ఇంగ్లీషులో నాలుగు ముక్కలు చెప్పే పని నీ మీద పడిందన్నావు. మొదటి రోజు జోకు పేలలేదు, మర్నాడు మార్చావు. ఏది తీసేసి ఏది పెట్టావో రాయవేం? ఊళ్ళో తెల్లవార్లూ చెప్పే కథని యాభై నిమిషాలకి కుదించారు కదా, ఏ ఘట్టం పోయింది, ఎవరు ఒప్పుకోలేదు, మాస్టారితో గొడవ జరిగిందా? అక్కడి చెమ్మకి గుమ్మెట తోలు వదులైపోతే ఇక్కడైతే మంట దగ్గర పెట్టి కాస్తాం, హాల్లో మంట పెట్టనివ్వరు. ఏం చేశారు?

నువ్వే గమనించని తమాషా ఒకటి చెప్తాను. ఐదో పేజీలో, కోట మీద ఆదివారం తప్ప రోజూ మధ్యాహ్నం ఒంటిగంటకి ఫిరంగి పేలుస్తారని రాశావు. పదకొండో పేజీలో మీ షో పన్నెండు నలభైకి మొదలయ్యేదని రాశావు. అంటే మన్యంలో పోలీసు స్టేషన్ల మీద దాడి నడుస్తుండగా బయట నిజం ఫిరంగి! ఆ చప్పుడు మీ హాల్లోకి వినిపించేదా? వినిపిస్తే ఆ రెండు పేజీలూ కలిపెయ్. వినిపించకపోతే వినిపించలేదని రాయి, కల్పించకు.

విమానం ఒక పేరా చాలు. తిండి గురించి కూడా తగ్గించు, ఆవకాయ లేక పడ్డ పాట్లు అందరూ రాసేశారు. రాత్రి పదింటికి అమ్మకి ఫోన్ చేస్తే ఇక్కడ రెండున్నర, అయినా మొదటి రింగుకే ఎత్తేది అన్నావు చూడు, అది ఉంచు.

చివరగా కొంచెం టెన్షన్ పెట్టే విషయం. రొయ్యల చెరువు దెబ్బతిని, వాళ్ళ నాన్న డబ్బు కట్టలేక ఆగిపోయిన నీ ఫ్రెండు. ఆ పిల్ల స్థానంలో నువ్వు వెళ్ళావని ఒకచోట జారవిడిచి మళ్ళీ ఆ ఊసే ఎత్తలేదు. అది ఈ రచనలో ఉండాలి, కానీ ముందు ఆ పిల్లనే అడుగు. ఆ పేరా తనకే చదివి వినిపించు. వద్దంటే తీసెయ్, ఊరు మార్చి పేరు మార్చి దొంగచాటుగా పెట్టకు, మన ఊళ్ళలో అలాంటివి దాగవు.

దసరా సెలవుల్లో కూర్చో. ఈసారి వాట్సాప్‌లో ముక్కలుగా కాకుండా ఒకే ఫైలుగా పంపు. కోట ఫొటోలేం వద్దు. ఆ కరపత్రం ఒకటి మిగిలి ఉంటే రెండు వైపులా ఫొటో తీసి పంపు, రామరాజు గురించి దాని మీద ఏమని వేయించారో చూడాలి.