డీ అండ్ డీ (డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే రోల్‌ప్లేయింగ్ గేమ్)లో హీలింగ్ స్పెల్ ఎప్పుడు వేయాలి?

ప్రతి టర్నూ గాయాలు మాన్పే క్యూర్ వూండ్స్ స్పెల్ వేస్తున్నా పార్టీ (మీతో ఆడే పాత్రల బృందం) పడిపోతూనే ఉందంటే తప్పు స్పెల్‌ది కాదు, వేసే సమయానిది. 2014 నాటి ఐదో ఎడిషన్ రూల్స్‌లో ఫస్ట్ లెవెల్ క్యూర్ వూండ్స్ ఇచ్చేది 1డీ8 (ఎనిమిది ముఖాల డైస్ ఒకటి వేస్తే వచ్చినన్ని) హిట్ పాయింట్లు, అంటే ప్రాణబలం; దానిపైన మీ స్పెల్‌క్యాస్టింగ్ మాడిఫయర్ (మీ పాత్ర మంత్రశక్తిని బట్టి కలిసే అంకె). ఓ మోస్తరు రాక్షసుడు ఒక్క టర్న్‌లోనే అంతకు మించి లాగేస్తాడు. పైగా 1 హిట్ పాయింట్ మిగిలిన ఫైటర్ కూడా పూర్తి హిట్ పాయింట్లున్నవాడంత గట్టిగానే కొడతాడు. కాబట్టి సగం దెబ్బతిన్నవాడి మీద స్పెల్ స్లాట్ (పరిమితంగా ఉండే స్పెల్ కోటా) ఖర్చు పెట్టేకంటే శత్రువును త్వరగా పడగొట్టడం మేలు.

ఎవరైనా 0 హిట్ పాయింట్లకు పడితే హీలింగ్ వర్డ్ వేయండి. అవే రూల్స్‌లో దాని డైస్ 1డీ4 మాత్రమే, కానీ 60 అడుగుల దూరం నుంచి, బోనస్ యాక్షన్‌తో (టర్న్‌లో మామూలు యాక్షన్‌కు అదనంగా చేసే చిన్న చర్యతో) అయిపోతుంది. మిగిలిన యాక్షన్‌తో ఇంకో స్పెల్ వేయాలంటే క్యాంట్రిప్ (స్లాట్ ఖర్చు కాని చిన్న స్పెల్) ఒక్కటే కుదురుతుంది. చాలామంది మరిచిపోయే రూల్ ఇదే. ఇనిషియేటివ్ వరుస (ఎవరి టర్న్ ఎప్పుడో చెప్పే క్రమం) కూడా చూసుకోండి. పడినవాడి టర్న్ కంటే ముందు రాక్షసుడి టర్న్ ఉంటే, లేచినవాడు కత్తి ఎత్తకుండానే మళ్లీ పడొచ్చు. అయినా శత్రువు పక్కనే నిలబడి ఉంటే ఆగొద్దు: స్పృహలేనివాడికి 5 అడుగుల లోపు నుంచి తగిలిన దెబ్బ క్రిటికల్ (మామూలు కంటే గట్టి దెబ్బ), అంటే ఒకేసారి రెండు డెత్ సేవ్‌లు (పడినవాడు బతుకుతాడో లేదో తేల్చే డైస్ ప్రయత్నాలు) పోయినట్టే.