బరువు తగ్గే ఇంజెక్షన్‌కి ఎఫ్‌డీ తీయొచ్చా?

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లె. నాకు 46 ఏళ్లు, బరువు 96 కిలోలు, షుగరుంది. భీమవరంలో డాక్టరుగారు వారానికో మౌంజారో ఇంజెక్షన్ చేయించుకోమన్నారు. మావారి జీతం 55,000. ఇంటి ఖర్చు 38,000, చీటీ 10,000 (ఇంకా ఏడు నెలలుంది). రెండెకరాల మీద ఏడాదికి 90,000 కౌలొస్తుంది. వచ్చే ఏడాది బాబు ఇంజినీరింగ్‌కని 3 లక్షలు ఎఫ్‌డీలో ఉన్నాయి. అది తీసేయనా, చీటీ పాడేయనా?

జవాబు: రెండూ వద్దండీ. మందు వద్దని కాదు, అది మీ డాక్టరుగారు తేల్చాల్సింది. నా పేచీ డబ్బు ఎక్కణ్నుంచి తీయాలన్న దగ్గరే. ఆపరేషన్‌లా ఒకసారి కట్టేసి ఊరుకునే ఖర్చు కాదిది. ఈ మందు ఆకలిని అణచి, కడుపు మెల్లగా ఖాళీ అయ్యేట్టు చేస్తుంది. ఆపితే ఆకలి మళ్లీ మొదలవుతుంది. ఇదే తరహా మందు సెమాగ్లూటైడ్ మీద చేసిన స్టెప్ 1 అధ్యయనంలో, ఆపిన ఏడాదికల్లా తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు సగటున తిరిగొచ్చింది.

లెక్క చూద్దాం. 2025 మార్చిలో మౌంజారో మన దేశానికి వచ్చినప్పుడు 2.5 మి.గ్రా. వయల్ (ఒక వారం డోసుండే చిన్న సీసా) 3,500, 5 మి.గ్రా. వయల్ 4,375. మొదటి నాలుగు వారాలు చిన్న డోసు, తర్వాత 5. ఏడాదంటే 52 వారాలు, అంటే నాలుగు వారాల మందు ఒకేసారి కొంటే కొనుగోళ్లు పన్నెండు కాదు, పదమూడు. ఆ ధరల్లోనే మొదటి ఏడాదికి 2,24,000 అవుతుంది. డోసు పెరిగితే ఇంకా పైనే. పదహారు నెలలకల్లా మీ ఎఫ్‌డీ ఖాళీ. అప్పటికి బాబు కాలేజీలో ఉంటాడు, మందు ఆపేస్తే బరువూ వెనక్కొస్తుంది.

ఇన్సూరెన్స్ మీద ఆశ పెట్టుకోకండి. స్థూలకాయానికి ఆపరేషనైతే కొన్ని షరతులతో ఇస్తారుగానీ, షాపులో కొనే ఇంజెక్షన్‌కి చాలా పాలసీలు పైసా ఇవ్వవు. తిండి తగ్గి ఇంటి ఖర్చు మిగులుతుందనీ అనుకోవద్దు. కొవ్వుతోపాటు కండా కరుగుతుంది కాబట్టి గుడ్లు, చేపలు తినమంటారు. మన గోదావరి జిల్లాల్లో వాటికి కొరత లేదు, ఖర్చు మాత్రం తప్పదు.

మీకు నెలకు 7,000 మిగులుతోంది, కౌలు 7,500 కలిపితే 14,500. టెస్టులకూ డాక్టరు ఫీజుకూ 2,500 పక్కన పెడితే మందుకి 12,000. పై ధరల్లో మౌంజారోకి అది చాలదు. ఈ అంకె డాక్టరుగారికి మొహమాటం లేకుండా చెప్పండి. 2026 మార్చిలో మన దేశంలో సెమాగ్లూటైడ్ పేటెంట్ ముగిసింది, మన కంపెనీలు తక్కువ ధరకి తెస్తున్నాయి. అది మీకు సరిపడుతుందా అని అడగండి. రెండూ వేరు వేరు మందులు, షాపువాడి మాట విని మార్చేసుకోకండి.

మూడు నెలల ప్యాకేజీ అని ఎవరన్నా ముందే కట్టమంటే కట్టొద్దు. వాంతులు తట్టుకోలేక మధ్యలో ఆపేసేవాళ్లున్నారు. నిల్వకీ కొనొద్దు. ఈ మందు 2–8 డిగ్రీల్లో ఉండాలి, మే నెలలో మన కరెంటు సంగతి తెలిసిందే.

ఇంత చివరికొచ్చిన చీటీ పాడితే నష్టం తక్కువే. అయినా ఆగి పూర్తిగా తీసుకోండి. అందులో మూడు నెలల మందు ఖర్చు సేవింగ్స్‌లో ఉంచి, మిగతాది బాబు ఎఫ్‌డీకి చేర్చండి. కౌలు డబ్బు రాగానే వేరే ఖాతాలో వేసి నెలకు 7,500 మాత్రమే తీయండి, లేకపోతే సంక్రాంతికే హరించుకుపోతుంది.